తీసుకునే కౌంటరు, ఇచ్చే కౌంటరు

నెల్లూరు జిల్లా కావలిలో రైతులు, ఉద్యోగులు, చిన్న వ్యాపారులు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో వాళ్లకు వినబడతా ఉందా? వినబడకపోతే ముందుకొచ్చి కూర్చోండయ్యా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నాకిచ్చిన విషయం మీకు తెలుసు. గవర్నమెంటు ఆఫీసు, ప్రైవేటు కంపెనీ, ఈ రెండిట్లో పని బాగా జరిగేది ఎక్కడ? ఈ ప్రశ్నకు ఎవరి దగ్గరైనా జవాబు ముందే తయారుగా ఉంటుంది. ప్రైవేటులో అయితే గంటలో అయిపోతుంది, గవర్నమెంటులో అయితే చెప్పులరిగిపోతాయి. అంతే కదా? ఆ మాట ఉత్తినే పుట్టలేదు. తిరిగిన వాళ్లకు తెలుసు. కానీ ఏ పని గురించి మాట్లాడుతున్నాం? ఆ పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది? అది తేల్చకుండా ఎవరు సమర్థులో ఎట్లా తేలుస్తాం?

ఒక షోరూముకు పోయి బండి కొంటారు. కాఫీ ఇస్తారు, లోను మనిషి అక్కడే కూర్చునుంటాడు, సాయంత్రానికి బండి ఇంటికొస్తుంది. అదే వారం తహశీల్దారు ఆఫీసుకు ఒక సర్టిఫికెట్ కోసం పోతారు. పది రోజులు పట్టింది. వెంటనే పోల్చేస్తాం, చూశారా తేడా అని. కాదండీ, ఈ పోలిక కుదరదు. షోరూము మీ దగ్గర తీసుకునే కౌంటరు. తహశీల్దారు ఆఫీసు మీకు ఇచ్చే కౌంటరు. తీసుకునేదాన్ని తీసుకునేదాంతో పోల్చాలి, ఇచ్చేదాన్ని ఇచ్చేదాంతో పోల్చాలి.

గవర్నమెంటు తీసుకునే కౌంటర్లు చూడండి. కరెంటు బిల్లు ఎంతసేపట్లో కడతారు? ఫోన్లో నిమిషం. మున్సిపాలిటీ ఇంటి పన్ను? అంతే. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు చూడండి. పొలమో, ఇల్లో కొంటే స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం ఏడున్నర శాతం చలానా కట్టి, పత్రాలు సరిగ్గా ఉంటే ఒక్క పూటలో ఫోటోలు, వేలిముద్రలు అయిపోయి దస్తావేజుకు నంబరు పడుతుంది. మన రాష్ట్రంలో 1998 నవంబరులో కార్డ్ అనే కంప్యూటర్ పద్ధతి వచ్చింది. అంతకుముందు దస్తావేజును చేత్తో రిజిస్టరులోకి ఎక్కించేవాళ్లు, నకలు కోసం రోజులు పట్టేది. గవర్నమెంటు ఆఫీసే. అదే ఉద్యోగులు. వేగం వచ్చిందా లేదా? వచ్చింది.

మరి అదే పొలం 1-బీలో, అంటే రెవెన్యూ వాళ్ల భూమి రికార్డులో, మీ పేరు మీదికి ఎక్కాలంటే? మ్యుటేషన్. అక్కడ వారాలు. ఒకే పొలం, ఒకే కొనుగోలుదారు, రెండూ గవర్నమెంటు ఆఫీసులే. డబ్బు కట్టే చోట ఒక పూట, హక్కు రాసిచ్చే చోట వారాలు.

ఇక ప్రైవేటు ఇచ్చే కౌంటరు. ఆరోగ్య బీమా పాలసీ అమ్మేటప్పుడు ఫోను మీద ఫోను. ఆస్పత్రిలో పడుకున్నాక? అప్రూవల్ రావాలంటారు. డాక్టరు డిశ్చార్జి రాసి గంటలైనా బెడ్డు దిగలేరు. ఈ బాధ దేశమంతా ఉంది కాబట్టే బీమా నియంత్రణ సంస్థ 2024 మే నెలలో ఒక సర్క్యులర్ ఇచ్చింది. క్యాష్‌లెస్ అడిగితే గంటలో చెప్పాలి, డిశ్చార్జి అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలి అని. బ్యాంకు సంగతి చూడండి. ఇంటి మీద అప్పు ఇచ్చేటప్పుడు ఇంటికే వస్తారు. అప్పు మొత్తం తీర్చాక ఒరిజినల్ పత్రాలు వెనక్కి రావాలంటే? రేపు రండి, హెడ్డాఫీసులో ఉన్నాయి, కొరియర్‌లో ఉన్నాయి. చివరికి రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశం ఇవ్వాల్సి వచ్చింది. అప్పు తీరిన 30 రోజుల్లో పత్రాలు ఇవ్వాలి, తప్పు బ్యాంకుదైతే రోజుకు 5,000 రూపాయలు కట్టాలి. ప్రైవేటు బ్యాంకుకూ, ప్రభుత్వ బ్యాంకుకూ ఒకటే రూలు.

కాబట్టి నేను చెప్పేదేందంటే, తీసుకునే చోట ఇద్దరూ చురుగ్గానే ఉన్నారు, ఇచ్చే చోట ఇద్దరూ సాగదీస్తున్నారు. గవర్నమెంటులో ఇచ్చే కౌంటర్లు ఎక్కువ. పేదవాడికి గవర్నమెంటుతో ఉండే పనంతా ఆ కౌంటర్ల దగ్గరే. అందుకే దెబ్బ ఎక్కువగా తగిలేది వాడికే.

ఇప్పుడు మన జిల్లాకే వద్దాం. ఒకే సరుకు, ఒకే సీజను, ఇద్దరు కొనుగోలుదారులు. ధాన్యం. మీలో సగం మంది పండిస్తారు, మీకు నేను కొత్తగా చెప్పేది లేదు, కానీ లెక్క ఒకసారి కలిసి వేద్దాం.

వ్యాపారి ఎట్లా కొంటాడు? కోత మిషను పొలంలో ఉండగానే వస్తాడు. పచ్చి వడ్లు. కళ్లం మీదే కాటా. పుట్టి అంటే మనకు 850 కిలోలు. పేరెవరిది, పట్టా ఎవరిది, కౌలా సొంతమా, ఏమీ అడగడు. లోడెత్తుకుని పోతాడు. డబ్బు కొందరు అప్పుడే ఇస్తారు, కొందరు పదిహేను రోజులంటారు, కొందరి దగ్గర ఏం జరుగుతుందో మీకే తెలుసు.

గవర్నమెంటు తరఫున రైతు సేవా కేంద్రం ఎట్లా కొంటుంది? ముందు ఈ-పంట అనే గవర్నమెంటు పంటల జాబితాలో మీ పంట నమోదై ఉండాలి, ఈ-కేవైసీ అయ్యుండాలి. నమూనా తీస్తారు. తేమ 17 శాతం దాటకూడదు. మట్టి, రాళ్లు 1 శాతం, గడ్డీ చెత్తా 1 శాతం, దెబ్బతిన్నవి, రంగు మారినవి, మొలకెత్తినవి 5, తాలు, ముడుచుకున్నవి 3, వేరే రకం కల్తీ 6 శాతం లోపు. ఇవన్నీ సరిపోతే గోతాలు, హమాలీ, లారీ, మిల్లు, అక్కడ మళ్లీ తూకం, ఆ తర్వాత ఆధార్‌కు లింకైన ఖాతాలో డబ్బు. 2025-26కు మద్దతు ధర మామూలు రకం క్వింటాలుకు 2,369, ‘ఏ’ గ్రేడు 2,389. మామూలు రకం పుట్టికి లెక్కేస్తే 20,136 రూపాయల చిల్లర.

ఈ రెండిట్లో ఏది సమర్థంగా ఉంది? చూడగానే వ్యాపారే అనిపిస్తుంది. ఆగండి. తరుగు లెక్క చూద్దాం. ఇది కాగితం మీద రాసుకోండి, కళ్లంలో పనికొస్తుంది.

మీ వడ్లు 22 శాతం తేమ ఉన్నాయి. 850 కిలోల్లో నీళ్లు పోగా మిగిలే సరుకు 78 శాతం, అంటే 663 కిలోలు. ఎండబెడితే నీళ్లే పోతాయి, ఈ 663 పోదు. 17 శాతం తేమకు వచ్చాక ఈ 663 మొత్తం బరువులో 83 శాతం అవుతుంది. 663ను 83తో భాగించి వందతో గుణించండి. 799 వస్తుంది. అంటే తేమ వల్ల న్యాయంగా తగ్గేది 51 కిలోలు. 20 శాతం తేమైతే తగ్గేది 31 కిలోలు. 25 శాతమైతే 82. అంతే. ఇంతకుమించి ఎవరు తరుగు తీసినా అది తేమకు తీసింది కాదు.

సరే, 799 కిలోలకు మద్దతు ధర ఎంత? 18,928. వ్యాపారి ఆ పచ్చి పుట్టికి 17,500 ఇస్తానన్నాడనుకుందాం. తేడా 1,428. ఇప్పుడు మీరే చెప్పండి, పుట్టి వడ్లు ఎండబెట్టడానికి కూలి ఎంత? పట్టలు, నాలుగు రాత్రులు కాపలా, మబ్బు పట్టినప్పుడల్లా కుప్ప చేయడం, మళ్లీ పరచడం? ఆ ఖర్చు 1,428 కంటే ఎక్కువైతే వ్యాపారికి ఇవ్వడం తెలివైన పని, అందులో తప్పేమీ లేదు. తక్కువైతే మీరు ఆ వేగానికి డబ్బు కట్టి కొనుక్కుంటున్నారు. ప్రైవేటు వేగం ఎప్పుడూ ఉచితం కాదు. రేటులో కలిసి ఉంటుంది, బిల్లులో కనబడదు. ఎన్‌ఎల్‌ఆర్ 34449 లాంటి సన్నాలకు బయట రేటు మద్దతు ధర దాటిన ఏడాదిలో ఈ బాధే లేదు, ఎవరూ కేంద్రం గడప తొక్కరు. రేటు పడిపోయిన ఏడాదిలోనే అందరికీ కేంద్రం గుర్తొస్తుంది, అందరూ ఒక్కసారే వస్తారు. ఇది కూడా మనసులో పెట్టుకోండి. సరుకు బాగున్నప్పుడు వ్యాపారి దగ్గరికి, బాగాలేనప్పుడు గవర్నమెంటు దగ్గరికి పోతే, గవర్నమెంటు చేతికి ఎప్పుడూ కష్టమైన పనే మిగులుతుంది.

మరి కేంద్రంలో ఎక్కడ ఆగుతోంది? తేమ కొలిచే మనిషి దగ్గర కాదు. మీటరులో గింజలు పోస్తే అర నిమిషంలో అంకె వస్తుంది. కుప్ప పైన, మధ్యన, అడుగున మూడు చోట్ల తీసి సగటు చూడాలి. పైన ఎండినవే తీస్తే కేంద్రంలో 17 చూపిస్తుంది, మిల్లులో 19 చూపిస్తుంది, గొడవ అక్కడ మొదలవుతుంది. కానీ అసలు ఆగేది దాని తర్వాత. పెన్నా డెల్టా అంతా ఒకే మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది. గోతాలు మిల్లుల నుంచి రావాలి. మిల్లు పెట్టిన బ్యాంకు గ్యారంటీని బట్టి దానికి ఎంత ధాన్యం ఇవ్వొచ్చో హద్దు ఉంటుంది. ఆ హద్దు నిండితే, క్వింటాలుకు 67 కిలోల లెక్కన బియ్యం ఆడించి అప్పజెప్పేదాకా ఆ మిల్లుకు కొత్త ధాన్యం కేటాయించరు. మిల్లు దగ్గర లారీ ఆగింది, లారీ లేక కళ్లంలో గోతాలు ఆగాయి. రైతుకు కనిపించేది సేవా కేంద్రంలో కూర్చున్న కుర్రాడు ఒక్కడే. తిట్లన్నీ వాడికే. వాడి చేతిలో గోతాలూ లేవు, లారీలూ లేవు, గ్యారంటీ అసలే లేదు.

కౌలురైతు బాధ వేరు. 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కుల కార్డు ఉంటే ఆయన పేరునే అమ్ముకోవచ్చు. ఆ కార్డుకు భూ యజమాని సంతకం కావాలి. యజమాని పెట్టడు. పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని భయం. కార్డు పదకొండు నెలలకే, యాజమాన్య హక్కుకు దాంతో సంబంధం లేదు అని చెప్పినా నమ్మరు. ఇక్కడ ఏ కంప్యూటరూ, ఏ ప్రైవేటు కంపెనీ వచ్చి కూర్చున్నా పని వేగం పెరగదు. ఆగింది ఆఫీసులో కాదు కాబట్టి.

ఇదే జిల్లాలో పొగాకు చూడండి. కలిగిరి, డీసీ పల్లి వేలం కేంద్రాలు. బోర్డు గవర్నమెంటుది, కొనే కంపెనీలు ప్రైవేటువి. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌కు రిజిస్ట్రేషన్, ఎంత పండించాలో ముందే పరిమితి, ఏ ఊరి క్లస్టరు ఏ రోజు బేళ్లు తేవాలో షెడ్యూలు. బేలుకు నంబరు, ధర అక్కడే తెలుస్తుంది, డబ్బు ఖాతాకు పోతుంది. ధర మీద గొడవలున్నాయి, ఉంటాయి, అది వేరే సంగతి. కానీ మీ వంతు ఏ రోజో ముందే తెలుసు. ధాన్యానికి లేనిది అదే. అందరూ ఒకే రోజు రావడం వేరు, ఎవరి రోజున వాళ్లు రావడం వేరు.

ఇప్పుడు ఫైలు సంగతి. ఇక్కడ సచివాలయ ఉద్యోగులు, రెవెన్యూ వాళ్లు కూడా ఉన్నారు. మిమ్మల్ని నిందించడానికి కాదు, ఫైలు నిజంగా ఎట్లా నడుస్తుందో చెప్పడానికే.

మ్యుటేషన్ తీసుకోండి. రిజిస్ట్రేషన్ వివరం కంప్యూటర్లో తహశీల్దారు లాగిన్‌కు పోయే ఏర్పాటు ఉన్నా, విచారణ ఉంటుంది. వీఆర్వో రికార్డు చూడాలి, పొలం మీదికి పోవాలి, రిపోర్టు రాయాలి. ఆర్‌ఐ, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, చూడాలి. అభ్యంతరాలకు నోటీసు వేయాలి. డిప్యూటీ తహశీల్దారు, ఆ తర్వాత తహశీల్దారు డిజిటల్ సంతకం. పొలం మీదికి పోవడం పక్కన పెట్టి, అందరూ గట్టిగా కూర్చుని చేస్తే ఆ ఫైలు మీద పడే పని గంటా, గంటన్నర. మిగిలిన వారాలన్నీ ఏం చేస్తా ఉంది? ఒక టేబులుకూ ఇంకో టేబులుకూ మధ్యన పడుకుని ఉంది. ఆలస్యం టేబులు దగ్గర లేదు, టేబుళ్ల మధ్య ఉంది. కంప్యూటర్ పెట్టినా, టేబులు లాగిన్‌గా మారింది, పడుకోవడం మాత్రం మారలేదు.

ఎందుకు పడుకుంటుంది? కారణాలు నాలుగైదు ఉన్నాయి. అన్నిటికంటే మామూలుది ఏమంటే వీఆర్వోకు ఇదొక్కటే పని కాదు. ఓటర్ల జాబితా పని, ధాన్యం కొనుగోలు డ్యూటీ, వానొస్తే చెరువు కట్ట, మంత్రి వస్తే ప్రోటోకాల్, సర్వేలు. ప్రైవేటు కంపెనీలో లోన్ల మనిషిని లోన్లే చేయనిస్తారు. వారానికి మూడు రోజులు వేరే పని మీద పంపితే అక్కడా ఫైళ్లు పడుకుంటాయి.

ఇంకోటి, వెనక్కి తిప్పడం. షార్ట్‌ఫాల్ అంటారు. ఒక జిరాక్సు లేదు, పేరులో ఒక అక్షరం తేడా, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, దస్తావేజులో వెనక. ఫైలు వెనక్కొస్తుంది. మళ్లీ మొదటి నుంచి. ఆ లోపం ఎప్పుడు బయటపడింది? దరఖాస్తు తీసుకున్న రోజు కాదు, మూడో టేబులు దగ్గర, పద్దెనిమిదో రోజో ఇరవయ్యో రోజో. తీసుకునే రోజునే పది నిమిషాలు కేటాయించి సరిచూస్తే మిగతా రోజులు మిగిలేవి. ఇది ఖర్చు లేని మార్పు. ఎందుకు చేయరంటే, దరఖాస్తు తీసుకునే మనిషికి పై టేబులు ఏం అడుగుతుందో తెలియదు. ఆ జాబితా ఆయన దగ్గర లేదు.

ఇంకొక కారణం ఉంది, నా లెక్కలో అసలుది ఇదే. అధికారి సంతకం పెట్టి, అది తప్పని తేలితే? మెమో, ఛార్జి షీటు, విజిలెన్సు. రిటైరయ్యాక కూడా వదలదు. 1980 పింఛను నియమాల్లో 9వ నియమం ప్రకారం పింఛనులోంచి కోయొచ్చు. మరి సంతకం పెట్టకుండా ఇంకో కాగితం అడిగితే? ఏమీ కాదు. కొర్రీ వేస్తే ఏమీ కాదు. అవును అన్నవాడికి శిక్ష ఉంది, కాదు అన్నవాడికి లేదు, ఆగు అన్నవాడికి అసలే లేదు. మీరే ఆ కుర్చీలో ఉంటే ఏం చేస్తారు? ప్రైవేటులో ఇది తలకిందులు. కస్టమరు పోతే మేనేజరు అడుగుతాడు ఎందుకు పోయాడని. అక్కడ ఆగు అన్నవాడికే శిక్ష.

సబ్ రిజిస్ట్రారు ఎందుకు వేగమో కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఆదాయం ఒక్కటే కారణం కాదు. ఆయన ఆ భూమి అమ్మినవాడిదేనా అని తీర్పు చెప్పడు. 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్టరు చేయకూడని భూముల జాబితాలో, ఉందా లేదా చూస్తాడు, రాసిచ్చినవాడు ఒప్పుకున్నాడా చూస్తాడు, రిజిస్టరు చేస్తాడు. నిర్ణయం ముందే జాబితాగా తయారై ఉంది. తహశీల్దారు మాత్రం నిర్ణయించాలి. ఆ నోటీసు గడువు కూడా వృథా అనుకోవద్దు. మీ పొలాన్ని మీకు తెలియకుండా ఇంకొకడి పేరు మీద రాయకుండా ఆపేది ఆ నోటీసే. మూడో మనిషిని అడగాల్సిన బాధ్యత షోరూముకు లేదు, తహశీల్దారుకు ఉంది. అందుకే ఆ కొన్ని రోజుల్ని నేను ఆలస్యంలో కలపను. మిగతా రోజుల్నే కలుపుతాను.

గవర్నమెంటు, ప్రైవేటు కలిసిన చోట ఎట్లా ఉందో పాస్‌పోర్టులో చూడొచ్చు. 2008లో విదేశాంగ శాఖ టీసీఎస్‌తో ఒప్పందం చేసుకుంది. తిరుపతి, విజయవాడ సేవా కేంద్రాలకు పోయినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. ‘ఏ’ కౌంటరులో కంపెనీ మనుషులు, ఫోటో, వేలిముద్రలు, స్కానింగు. బీ కౌంటరులో గవర్నమెంటు ఉద్యోగి, పత్రాల పరిశీలన. సీ కౌంటరులో మంజూరు చేసే అధికారి. 36 పేజీల పుస్తకానికి 1,500, తత్కాల్ అయితే ఇంకో 2,000. లోపలికి పోయినవాళ్లు చాలావరకు ఆ పూటే బయటికొస్తారు. జనం ఏమంటారు? ప్రైవేటుకిచ్చారు కాబట్టి బాగుపడింది అంటారు. సగం నిజం. కంప్యూటర్లు, ఏసీ హాలు, టోకెను, కంపెనీ తెచ్చిందే. కానీ అపాయింట్‌మెంటు ఉంది కాబట్టి ఎవరి వేళకు వాళ్లు వస్తారు. ఏ పత్రాలు తేవాలో వెబ్‌సైటులో ముందే ఉంది. అన్నిటికంటే ముఖ్యం, నిర్ణయించే అధికారి అదే హాల్లో, పదడుగుల దూరంలో కూర్చున్నాడు. ఫైలుకు పడుకునే చోటే లేదు. ఆ హాలు దాటాక పోలీసు వెరిఫికేషన్‌కు పోతుంది చూడండి, అక్కడ మళ్లీ రోజులు మొదలు. కంపెనీ మారలేదు, దరఖాస్తు మారలేదు, హాలు దాటింది, అంతే.

మన మండలాఫీసులో వారానికి ఒక పూట వీఆర్వో, ఆర్‌ఐ, డిప్యూటీ తహశీల్దారు, తహశీల్దారు ఒకే గదిలో కూర్చుని ఆ వారం ఫైళ్లు తేల్చడానికి ఎంత ఖర్చవుతుంది? పైసా కాదు.

ఇచ్చే కౌంటరు గవర్నమెంటులో ఎప్పుడూ నెమ్మదేనా? కాదు. పింఛను చూడండి. 2024 జూలై నుంచి వృద్ధులకు నెలకు 4,000, సచివాలయ ఉద్యోగులు ఇళ్లకు పోయి ఇస్తున్నారు. ఒకటో తేదీ పొద్దున్నే మొదలవుతుంది, మధ్యాహ్నానికి ఏ సచివాలయంలో ఎంత శాతమైందో పైవాళ్ల తెర మీద కనబడుతుంది. సాయంత్రానికి దాదాపు అయిపోతుంది. ఇన్ని లక్షల ఇళ్లకు ఒక్క రోజులో చేతికి డబ్బు ఇచ్చే పని చిన్నదా? అదే మనుషులు, అదే జీతం. ఎందుకైంది? అర్హత ముందే తేలిపోయింది, ఆ రోజు నిర్ణయించాల్సింది ఏమీ లేదు. గంటగంటకూ లెక్క అడిగేవాడున్నాడు. మరి కొత్త పింఛనుకు దరఖాస్తు పెట్టి చూడండి. అదే సచివాలయం, అదే కుర్చీ. అక్కడ గంట లెక్క లేదు.

ఆర్టీసీ గురించి ఒక్క మాట. డిపోలో ప్రతి డ్రైవరుకు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో లెక్క ఉంటుంది, కేఎంపీఎల్ అంటారు. బస్సుకు కిలోమీటరు ఆదాయం, కిలోమీటరు ఖర్చు, సీట్లు ఎంత నిండాయో అన్నీ రోజూ తీస్తారు. చాలా ప్రైవేటు ట్రావెల్స్‌లో ఇంత లెక్క ఉండదు. అయినా నష్టమంటారు. నష్టం ఎక్కడుంది? ట్రావెల్స్ బస్సు హైదరాబాదుకూ, బెంగళూరుకూ పోతుంది. ఉదయగిరి పక్క పల్లెలకు పొద్దున్నే పిల్లల పాసులతో పల్లెవెలుగు తిప్పమనండి, తిప్పుతారా? 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచితం కూడా కలిసింది. నిండే రూటు ఎంచుకునేవాడిని, నిండని రూటు కూడా తిప్పి తీరాల్సినవాడిని లాభంతో పోలిస్తే న్యాయమా? లీటరుకు ఎన్ని కిలోమీటర్లో పోల్చండి, బ్రేక్‌డౌన్లు పోల్చండి, టైముకు వచ్చిందా పోల్చండి. అక్కడ ఆర్టీసీ వెనకబడితే నిలదీయండి.

ఇక్కడొక హెచ్చరిక. కొలిస్తే బాగుపడుతుందని చెప్తున్నాను కదా, తప్పుగా కొలిస్తే పాడవుతుంది. మీసేవ 2011లో వచ్చినప్పుడు సేవలకు గడువులు పెట్టారు. అప్పటికప్పుడు ఇవ్వగలిగినవి ‘ఏ’ కేటగిరీ, 15 నిమిషాలు. విచారణ కావాల్సినవి బీ కేటగిరీ, రోజుల గడువు. మంచి ఆలోచన. తర్వాత ఏమైంది? గడువు దాటితే తెరమీద ఎర్రగా కనబడుతుంది. దాన్ని తప్పించడానికి రెండు దారులు. ఒకటి పని చేయడం. రెండోది గడువు చివరి రోజున తిరస్కరించడం. తిరస్కరించినా లెక్కలో గడువులోపు తేల్చినట్టే. మీరు మళ్లీ కొత్త దరఖాస్తు, కొత్త నంబరు, కొత్త గడువు. తెర పచ్చగా ఉంటుంది, మీరు మాత్రం మూడోసారి క్యూలో ఉంటారు. సోమవారం కలెక్టరేటులో ఇచ్చే అర్జీలకూ అంతే. అర్జీ ఎవరి మీదో వాళ్లకే పోతుంది, చర్య తీసుకున్నాం అని రాసి మూసేస్తారు. ప్రైవేటు కాల్ సెంటరు టికెట్ క్లోజ్ అని మెసేజ్ పంపిస్తుంది చూడండి, సరిగ్గా అదే పద్ధతి. కాబట్టి గడువులోపు ఎన్ని తేల్చారన్నది చాలదు. ఎన్ని తిరస్కరించారు, ఎన్ని అర్జీలు మళ్లీ తెరిచారు, ఒక పనికి మనిషి ఎన్నిసార్లు వచ్చాడు, ఇవి కావాలి. ప్రతి ఆఫీసు బయట ఈ మూడు అంకెలు బోర్డు మీద రాయమని అడగండి.

ఇంక ఆలస్యానికి ధర. బ్యాంకు పత్రాలకు రోజుకు 5,000 అన్నాను. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో తగ్గితే, 2019 నుంచి రూలుంది, ఐదు రోజుల్లో వెనక్కి వేయాలి, దాటితే రోజుకు 100 మీ ఖాతాలో వాళ్లే వేయాలి, మీరు అడగక్కర్లేదు. అడగక్కర్లేదన్న మాట గుర్తుపెట్టుకోండి. గవర్నమెంటు సేవలకు ఇట్లా ఉందా? 2010లో మధ్యప్రదేశ్ మొదట సేవల హామీ చట్టం తెచ్చింది. కర్ణాటకలో సకాల వచ్చింది, రోజుకు 20 రూపాయలు, 500 దాటకుండా. 20 రూపాయలు తక్కువే. కానీ అధికారి జీతంలోంచి పోయేది కాబట్టి ఆయన పేరు మీద రికార్డవుతుంది, బరువు అక్కడుంది. ఆ 20 రూపాయలు మీరు అడగకుండానే వచ్చే రోజు రావాలి. మనం కొట్లాడాల్సింది దీనికోసం. ప్రైవేటుకివ్వండి అని కాదు, ఇవ్వొద్దు అని కాదు.

అప్పటిదాకా చేతిలో ఉన్నది సమాచార హక్కు. దాన్ని సరిగ్గా వాడటం చెప్పి ముగిస్తాను, రాసుకోండి. చాలామంది నా పని ఎందుకు చేయలేదు అని రాస్తారు. ఎందుకు అన్నదానికి ఆఫీసు రికార్డులో కాగితం ఉండదు, జవాబు రాదు. ఇట్లా రాయండి: ఫలానా తేదీన, ఫలానా నంబరుతో నేనిచ్చిన దరఖాస్తు మీద ఇప్పటిదాకా రోజువారీగా జరిగిన చర్యలు, అది ఏ అధికారి దగ్గర ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉంది, ఆ అధికారి పేరు, హోదా, ఈ సేవకు నిర్ణయించిన గడువు చూపే ఉత్తర్వు నకలు, నా ఫైలు నోట్ పేజీల నకళ్లు. నాలుగే అంశాలు. ఇవన్నీ రికార్డులో ఉండేవే, లేవనడానికి వీల్లేదు.

ఫీజు పల్లె స్థాయి ఆఫీసుకు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, పైన 10. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఫీజు లేదు, జిరాక్సు జత చేయండి. వేరే ఆఫీసు సంగతైతే 5 రోజుల్లో వాళ్లే బదిలీ చేయాలి, మీరు తిరగక్కర్లేదు. జవాబుకు 30 రోజులు, ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిందైతే 48 గంటలు. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు అదే ఆఫీసులో పై అధికారికి. అదీ తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు. సమాచార అధికారికి రోజుకు 250, మొత్తం 25,000 దాకా జరిమానా వేసే అధికారం కమిషన్‌కే ఉంది. చాలామంది ఇక్కడిదాకా రారు. అనుభవంలో చూస్తే రావాల్సిన అవసరం కూడా తక్కువే. ఫైలు ఎవరి దగ్గర ఎన్ని రోజులుందో పేరుతో అడిగిన కాగితం ఆ టేబులుకు చేరగానే చాలా ఫైళ్లు కదులుతాయి.

స్పీడ్ పోస్టు రసీదు పారేయొద్దు. చేత్తో ఇస్తే మీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి, ముద్ర లేకుండా బయటికి రావద్దు. ఆ 30 రోజులు లెక్కించేది ఆ తేదీ నుంచే. నమూనా దరఖాస్తులు ఆ తలుపు పక్క టేబులు మీద ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. సచివాలయాల్లో పనిచేసేవాళ్లు ఆ పక్కనున్న రెండో కాగితం తీసుకోండి, మ్యుటేషన్‌కూ, కొత్త పింఛనుకూ పై టేబుళ్లు అడిగే పత్రాల జాబితా అది. దరఖాస్తు తీసుకునే చోట గోడకు అంటించండి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి.